రాయి కరిగేదాకా

మొన్న పొద్దున షాపు తెరిచీ తెరవగానే ఒకాయన వచ్చి స్కానింగ్ రిపోర్టు కౌంటరు మీద పరిచాడు. పిత్తాశయంలో రాయి. పక్కనే డాక్టరు చీటీ ఉంది. ఆపరేషన్ చేయించుకోమని అందులో స్పష్టంగానే రాసి ఉంది. ఆయన ఆ చీటీని వేలితో పక్కకు జరిపి, దీనికి మాత్రలున్నాయట కదా, వాటితో కరిగిపోతుందట కదా అని అడిగాడు. చిన్న రాళ్ళయితే, అవి మెత్తటి రకమైతే కొందరికి కరుగుతాయనీ, దానికి ఏళ్ళు పట్టొచ్చనీ, ఆ సంగతి తేల్చవలసింది డాక్టరేగాని మందులమ్మే నేను కాదనీ చెప్పి పంపించాను. ఆయన వెళ్ళాక చాలాసేపు పనిలో మనసు నిలవలేదు. ఇదే ప్రశ్నను ఇదే కౌంటరు దగ్గర నిలబడి ఒకావిడ నన్ను దాదాపు నాలుగేళ్ళు అడిగింది.

ఆవిడ పేరు రాయను. రాస్తే మా ఆగిరిపల్లిలో సగం మంది గుర్తుపడతారు. తన గురించి నలుగురూ మాట్లాడుకోవడం ఆవిడకు ఇష్టముండదు.

పొట్టి మనిషి. బరువు నలభై అయిదు కిలోలు ఉంటుందో ఉండదో. సీజన్లో మామిడి షెడ్డులో కాయలు ఏరే పని, మిగిలిన రోజుల్లో ఇంటి దగ్గర కుట్టుమిషను. ఏ వస్తువు చేతికిచ్చినా వెంటనే తిరగేసి చూసేది. షెడ్డులో కాయను తొడిమ వైపు తిప్పి చూసి పెట్టెలో వేసే అలవాటు అట్లా చేతుల్లో ఉండిపోయింది. మాత్రల అట్ట ఇచ్చినా తిరగేసేది, మా ఆవిడ కాఫీ గ్లాసు ఇచ్చినా ముందు దాని అడుగు చూసి తర్వాత తాగేది. తను అట్లా చేస్తున్నట్టు ఆవిడకు తెలియదు. ఒకసారి నేను నవ్వితే, ఎందుకు నవ్వుతున్నారో చెప్పమని నిలదీసింది. చెప్పాక తనూ నవ్వింది, వెళ్ళేటప్పుడు చిల్లర తిరగేసి చూసుకుంటూనే వెళ్ళింది.

నన్ను తమ్ముడుగారూ అని పిలిచేది. దాంతో వాళ్ళాయన నన్ను బావమరిదిని చేసుకున్నాడు. ఆయన తోటల్లో కాయ దింపే మనిషి. కాయ తెంపే వల కట్టిన చిక్కం కర్ర పట్టుకుని కొమ్మ చివరిదాకా పోగలడని పేరు. నేను ఈ ఊళ్ళో షాపు పెట్టకముందే రసాల చెట్టు మీంచి పడ్డాడు. నడుము దగ్గర వెన్నెముక దెబ్బతిని, కాళ్ళు రెండూ పోయాయి. నాకు తెలిసేనాటికే ఆయన కిటికీ పక్క మంచానికీ, చక్రాల కుర్చీకీ మనిషి. మూత్రం గొట్టం, దాని సంచీ, పుండ్లు పడకుండా పూసే మందు, ఇవన్నీ నా షాపు నుంచే వెళ్ళేవి. పిల్లల్లేరు.

ఆవిడ ఆయన్ని ఎత్తడం నేను ఒకసారి చూశాను. సంచీలు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. మంచం మీంచి కుర్చీలోకి మార్చే వేళ అది. సాయం పట్టబోతే వద్దంది, ఇద్దరు చెయ్యేస్తే ఆయన జారిపోతాడట. పైట చెంగు నడుముకి బిగించింది. ఆయన చేతులు తన మెడ చుట్టూ వేయించుకుని, నుదురు ఆయన భుజానికి ఆనించి, "ఒకటి, రెండు" అని ఎత్తేసింది. తనకంటే ఇరవై కిలోలు ఎక్కువున్న మనిషిని. మూడు ఎందుకు అనరని అడిగాను. కుర్చీలో సర్దుకుంటూ ఆయనే జవాబిచ్చాడు. మూడు దాకా ఆగితే మా ఆవిడకి ఆలోచనొస్తుందండీ అన్నాడు. రోజుకు ఎన్నిసార్లని అడిగితే, ఎనిమిదో తొమ్మిదో, లెక్కెవరు చూశారంది ఆవిడ.

నొప్పి మొదలయింది ఆవకాయల రోజుల్లో. షెడ్డు నుంచి వస్తూ నా షాపు ముందు బల్ల మీద కూలబడింది. కుడివైపు డొక్కలో పిడికిలి గుచ్చుకుని, ముందుకు వంగి, పెదవి కొరుక్కుంటోంది. గ్యాసు మాత్ర ఇమ్మంది. ముఖం మీద చెమట చూసి నాకు భయమేసి, గ్యాసు కాదక్కా, నూజివీడు వెళ్ళి చూపించుకోండని బలవంతం చేశాను. రెండు రోజుల తర్వాత రిపోర్టు పట్టుకొచ్చింది. రెండు రాళ్ళు. ఒకటి ఆరు మిల్లీమీటర్లు, ఇంకొకటి నాలుగు.

"నాకు రెండు టెంకలంటండీ తమ్ముడుగారూ" అంది.

నూజివీడు డాక్టరమ్మ ఆవిడతో ఏం మాట్లాడిందో నాకు మొత్తం అప్పజెప్పింది. నొప్పి వచ్చిందంటే రాళ్ళున్న ఆ తిత్తి తీసేయడమే మంచిదని చెప్పిందట. చిన్న రంధ్రాలు పెట్టి చేస్తారు, మూడోనాటికి ఇంటికి వెళ్ళొచ్చు, కార్డు మీద ఉచితంగానే అయిపోతుంది. ఈవిడ ఒకే ఒక్క మాట అడిగింది, ఆ తర్వాత పనికి ఎన్నాళ్ళు ఆగాలని. షెడ్డుకైతే పది రోజులు చాలు, బరువులు మాత్రం నెల రోజులు ఎత్తకూడదని డాక్టరమ్మ చెప్పిందట.

"మా ఇంట్లో ఉన్నది ఒకటే బరువు డాక్టరమ్మా, అది ఎత్తకుండా కుదరదు అన్నాను" అంది నాతో.

సంగతంతా విన్నాక డాక్టరమ్మ ఇంకో పరీక్ష రాసి, రాళ్ళు మెత్తటి రకంలాగే ఉన్నాయి, తిత్తి కూడా పని చేస్తోంది కాబట్టి మాత్రలు వాడి చూద్దామంది. పైత్యరసాన్ని పలచబరచి రాయిని కొద్దికొద్దిగా కరిగించే మాత్ర అది. రోజుకు రెండు, అన్నం తిన్నాక. ఆరు నెలలకోసారి స్కానింగ్. కరుగుతాయని గట్టిగా చెప్పలేననీ, కరిగినా మళ్ళీ పుట్టొచ్చనీ, జ్వరమొచ్చినా, కళ్ళు పచ్చబడినా, నొప్పి ఆగకపోయినా ఆ పూటే పరుగెత్తుకు రావాలనీ చెప్పింది. ఆవిడ ఆ హెచ్చరికలన్నీ అక్కడే వదిలేసి, మాత్రలు వాడితే కరుగుతాయి అన్న మాటను మాత్రమే ఇంటికి తీసుకొచ్చింది.

అప్పటినుంచి నెలకోసారి రావడం. అట్టలు తిరగేసి తారీఖులు చూసుకుని, "ఈపాటికి కొంచెమన్నా కరిగుంటదంటారా?" అని అడగడం. చూడందే ఎట్లా చెబుతానక్కా అంటే, మీరు రోజూ ఇన్ని మందులు అమ్ముతారు, ఒక అందాజా ఉండదా అనేది. ఊళ్ళో వాళ్ళు ఆవిడకు ఉలవచారు తాగమని చెప్పారు. కొండపిండి ఆకు కషాయం పెట్టుకోమన్నారు. అవి మూత్రపిండాల రాళ్ళ గురించి చెప్పుకునేవి, ఈ రాళ్ళు వేరు అని నేను ఎన్నిసార్లు చెప్పానో. ఉలవచారు మటుకు మానలేదు. నూనె, నెయ్యి మానేసింది కదా, అన్నంలోకి ఇంకేముందని అడిగింది. మామిడికాయల మధ్య బతికే మనిషి ఏడాది పొడుగునా ఆవకాయ ముట్టలేదు. వాళ్ళాయనకు మాత్రం ఎప్పటిలాగే జాడీ నిండా పెట్టింది.

మొదటి ఏడాది చివర స్కానింగ్‌లో చిన్న రాయి కనిపించలేదు. పెద్దది నాలుగయింది. ఆ రోజు ఆవిడ నూజివీడు బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా నా దగ్గరకు వచ్చింది. కాగితం నా చేతిలో పెట్టి, చదవమని, మళ్ళీ చదవమని, మూడుసార్లు చదివించుకుంది. సంచీలోంచి రెండు చిన్న రసాలు తీసి కౌంటరు మీద పెట్టింది. నిజానికి ఆ కాగితం చూసి నేనే ఆవిడకంటే ఎక్కువ సంబరపడ్డాను. ఇక ఇంకొకరు చేయవలసింది ఏమీ లేదన్న తేలిక అది. అప్పుడు నాకు ఆ సంగతి తెలియలేదు.

ఎందుకంటే ఆ ఏడాదిలో, ఆయన్ని ఒక్క నెల చూసుకునే మనిషి కోసం నేను కొంత తిరిగాను. ఆయన తమ్ముడు విజయవాడలో ఆటో నడుపుతాడు. నెలరోజులు వచ్చి ఉండమని ఫోన్ చేస్తే వచ్చాడు, ఒకసారి ఎత్తబోయాడు, ఇద్దరూ కలిసి మంచం పట్టె మీద పడ్డారు. మర్నాడు బండి రిపేరుందని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఆస్పత్రిలో ఆయన్ని కూడా పక్క మంచం మీద వేస్తారా అని ఆవిడే అడిగింది. జబ్బు లేని మనిషికి మంచం ఎట్లా ఇస్తామన్నారు. చర్చి ఆడవాళ్ళు పూటపూటకీ అన్నం పంపిస్తామన్నారు గానీ, మగమనిషిని ఎత్తి కడగడం అంటే ముఖాలు చూసుకున్నారు. ఒక ఆశ్రమం వాళ్ళు చేర్చుకుంటే శాశ్వతంగా చేర్చుకుంటాం, నెలకైతే కుదరదన్నారు. ఆస్పత్రి తప్ప మిగిలిన వాళ్ళందరినీ అడిగింది నేనే. "నేను వస్తాను, నెల రోజులేగా, పొద్దునా సాయంత్రం నేను చూసుకుంటాను" అన్న మాట మాత్రం నా నోటి నుంచి రాలేదు. నాకు నడుం నొప్పి ఉంది, షాపు ఉంది, మనిషిని కడగాలంటే జంకు ఉంది. ఇవన్నీ నిజాలే. ఆవిడ ఎప్పుడూ నన్ను అడగలేదు కూడా. అడిగితే నేను ఇబ్బంది పడతానని ఆవిడకు తెలుసు.

రెండో ఏడాది రాయి అక్కడే ఆగిపోయింది. నొప్పి మాత్రం నెలకోసారి వచ్చేది, ఒక్కోసారి ఎత్తుతుండగానే. అట్లాంటప్పుడు ఆయన్ని సగంలో వదలకుండా, కుర్చీలో దింపి, ఆ తర్వాత వాకిట్లోకి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడేదట. ఈ సంగతి ఆయనే ఒకరోజు నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ షెడ్డుకు వెళ్ళిన వేళ చూసి చేశాడు.

"బావమరిదీ, ఒక సాయం చేయాలి. ఆ మాత్రలు ఇక రావడం లేదని చెప్పండి" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"కంపెనీ ఆపేసిందనండి. మాత్రలుంటే ఇట్టాగే లాగుతుంది. లేవంటే ఆపరేషన్‌కి ఒప్పుకుంటుంది. నా సంగతి ఎట్టాగో అవుద్ది."

మందుల షాపువాణ్ణి ఉన్న మందు లేదని చెప్పమనడం ఏమిటని అన్నాను. ఆయన బతిమాలలేదు. నేను కాళ్ళున్నోణ్ణయితే నేనే భుజాన వేసుకుని ఆస్పత్రిలో పడేసేవాణ్ణి గదండీ, అని ఊరుకున్నాడు. ఆ నెల ఆవిడ వచ్చినప్పుడు సరుకు రావడం లేదక్కా, ఎప్పుడొస్తుందో తెలియదు అన్నాను. అరలో ఆరు అట్టలు ఉన్నాయి. ఆవిడ నా ముఖంలోకి చూసి, సరేనండి అని వెళ్ళిపోయింది. మూడోరోజు పొద్దున వచ్చింది. చేతిలో నూజివీడులో కొన్న అట్టలు, ఒక చిన్న కాగితం ముక్క.

"అక్కడ దొరుకుతున్నాయండీ. ఎవరి దగ్గర తెప్పిస్తున్నారో మీకోసం రాయించుకొచ్చాను. మీక్కూడా పనికొస్తుంది."

ఆ కాగితం తీసుకున్నాను. ధన్యవాదాలు చెప్పాను. ఆ సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెబితే చాలాసేపు నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు.

మూడో ఏడాది కొత్త రాళ్ళు పుట్టాయి. ఈసారి లెక్క కూడా రాయలేదు, చాలా ఉన్నాయని రాశారు. తిత్తి గోడ మందమవుతోందని, ఇక మాత్రలతో లాభం లేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆవిడ కాగితం మడిచి, సీజన్ అయ్యాక చూద్దామంది. సీజన్ అయ్యాక వానలు తగ్గాక అంది. ఈలోగా నన్ను మాత్రలు ఇమ్మంది. డాక్టరమ్మ ఆపమంది కదా అంటే, ఆపితే ఇంకా పెరుగుతాయేమోనండీ, వాడితే అక్కడన్నా ఉంటాయి అంది. ఇవ్వననే ధైర్యం లేకపోయింది. డాక్టరమ్మకే ఫోన్ చేశాను. ఇవ్వండి, ఆమె మనసైనా నెమ్మదిగా ఉంటుంది, ఆపరేషన్ మాట మటుకు మీరు వదలొద్దు అంది డాక్టరమ్మ. నేను వదల్లేదు. ప్రతినెలా చెప్పాను. ప్రతినెలా మాత్రలు ఇచ్చాను.

ఆ వానాకాలంలోనే సంచీలు ఇవ్వడానికి వెళితే ఆయన ఒక్కడే ఉన్నాడు. చెయ్యి చాచి చూపించాడు. మణికట్టు ఎముక బయటికి వచ్చి ఉంది.

"పూటకో ముద్ద తగ్గించాను. ఎత్తేటప్పుడు దానికి కొంచెం తేలిగ్గా ఉంటుందని. చెప్పకండి" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. కూర్చునే మనిషికి ఒంట్లో కండ లేకపోతే పుండ్లు పడతాయి, పడితే మానవు, అది మీకు తెలియదా అని గట్టిగానే అన్నాను. తెలుసన్నాడు. కిటికీలోంచి వీధి వైపు చూస్తూ, నేను చేసేది ఇంకేముంది చెప్పండి అన్నాడు. బలానికి పొడి డబ్బా తెచ్చి ఇస్తే రెండు రోజులు తాగాడట. ఆవిడకు చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన అడిగిన మొదటి సాయమే ఆవిడ ముందు నిలవలేదు, ఈ ఒక్క మాటైనా నిలబెడదామనుకున్నాను. అది సరైన పనో కాదో ఇప్పటికీ తెలియదు.

క్రిస్మస్‌కు ముందే నడుం దగ్గర పుండు పడింది. జనవరిలో జ్వరం. విజయవాడ తీసుకెళ్ళారు, నాలుగు రోజులున్నాడు, అయిపోయింది. ఆంబులెన్సు ఇంటి ముందు ఆగినప్పుడు నేనూ ఉన్నాను. తలుపు తెరవగానే ఆవిడ పైట నడుముకు చుట్టుకుని ముందుకు వెళ్ళింది. నువ్వు ఆగమ్మా అని మగవాళ్ళు పక్కకు తప్పించారు. నలుగురు పట్టుకున్నారు. ఆవిడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అట్లాగే నిలబడింది.

నెల తిరిగేసరికి షాపుకు వచ్చింది, మాత్రల కోసం. ఇక ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా అనే మాట నా నాలుక చివర ఉంది. ఆ మాట అనడమంటే ఆయన లేడు కదా అనడమే. అనలేక అట్టలు తీసి ఇచ్చాను. ఆవిడ ఏమీ అడగకుండా తీసుకెళ్ళింది. కరిగుంటదంటారా అని అడగలేదు.

మార్చిలో నొప్పి వచ్చి రెండు రోజులు తగ్గలేదు. ముసునూరు నుంచి ఆవిడ చెల్లెలు వచ్చి పట్టుబట్టి ఆపరేషన్‌కు తీసుకెళ్ళింది. పొద్దున లోపలికి తీసుకెళ్ళారు, మధ్యాహ్నానికి కళ్ళు తెరిచింది, మూడోరోజు ఇంటికి వచ్చేసింది. నేను చూడ్డానికి వెళ్ళేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొట్ట మీద నాలుగు చిన్న పట్టీలంట. చెల్లెలు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చూపించింది. పసుపూ నలుపూ కలిసిన గింజలు, కందిపప్పు కంటే కాస్త పెద్దవి, అడుగున గుప్పెడు. ఆవిడ డబ్బా అందుకుని తిరగేసి, మళ్ళీ సరిగ్గా పెట్టి చూసింది.

"ఇంతేనా అనిపించిందండీ" అంది. "నిద్రపోయినట్టే ఉంది, అయిపోయింది. దీనికోసం ఆయన రోజూ ప్రార్థన చేసేవాడు."

డిశ్చార్జి కాగితం నా చేతికిచ్చింది, అలవాటు ప్రకారం. చదివి చెప్పాను. పథ్యం, మాత్రలు, కట్లు ఎప్పుడు విప్పాలి. నెల రోజులు బరువులు ఎత్తకూడదన్న దగ్గర ఆగాను. అదీ చదవండి, పర్లేదు అంది. చదివాను.

కాసేపటికి చెల్లెలు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇక దాచడం నా వల్ల కాలేదు. ఆయన మాత్రలు లేవని చెప్పమన్న సంగతి, ముద్ద తగ్గించుకున్న సంగతి, నేను తెలిసీ చెప్పకపోయిన సంగతి అన్నీ చెప్పేశాను. తిట్టినా బాగుండేది. ఆవిడ నన్ను ఓదార్చేలా చూసింది.

"నాకు తెలుసండీ. రోజూ ఎత్తేదాన్ని, తెలీదా?"

చేతిలో ఉన్న డిశ్చార్జి కాగితం మడిచి పక్కన పెట్టాను.

"ముద్ద తగ్గిస్తున్నాడని నేను పప్పులో నెయ్యి పెంచాను. నా వాటా కూడా ఆయన కంచంలోనే వేశాను. అయినా తేలికైపోతూనే వచ్చాడు."

తెలిసినప్పుడు ఎందుకు నిలదీయలేదని అడిగాను. పొట్ట మీద చెయ్యి అదిమిపెట్టుకుని, కొంచెం సర్దుకుని కూర్చుంది.

"నాకోసం ఆయన చేయగలిగింది అదొక్కటే కదండీ. అది కూడా వద్దని ఎట్టా చెప్పను?"